మిద్దె మీద పడవ

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సులో, నేను ఇంజనీరింగ్ చదివానని తెలిశాక, పక్కసీటు పెద్దాయన తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. అందులో రెండు ఫైబర్ చేపల పడవల ఫొటోలు ఉన్నాయి.

"మా డ్యాములో తిప్పేకి ఏది కొనాలప్పా? రెండూ ఒగే రేటు."

పొడవు, బరువు, మోసే శక్తి సమానమే. తేడా అడుగులో ఉంది. మొదటిదాని అడుగు చదును, తక్కువ లోతులోనూ తేలుతుంది. రెండోదాని అడుగు కోసుగా కిందికి దిగింది, గాలికి నిలకడగా పోతుంది.

"డ్యాములో నీళ్లు శానా లోతు గదా మామా, రెండోదే తీసుకో."

"శానా లోతే. మా మిద్దె కాడ తప్ప."

ఆయన ఊరు ఆ నీళ్ల కిందే ఉంది. సేద్యం పోయాక చేపలు పడుతున్నాడు.

"పోయిన ఎండాకాలం నీళ్లు తగ్గి, బాడుగ పడవ మా మిద్దెకు తగిలి టకటకమనింది. ఎవురో తలుపు కొడ్తాండారు అనె మా ఆడమనిషి. మళ్లా పడవ ఎక్కల్యా."

"అట్లయితే మొదటిదే తీసుకో మామా."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని నవ్వాడు.

"వాన కారకూడదని ఏటా ఆ మిద్దె మీద చౌడుమన్ను పోస్తాంటిమప్పా."