టైలరమ్మ గుమ్మం ముందు ముగ్గు

మా టైలరమ్మ పోయింది. మొన్న గురువారం ఆఖరి పీరియడ్ ముగించి స్టాఫ్ రూమ్‌లో అడుగు పెట్టానో లేదో, ఫోన్ మోగింది. చైనా నుంచి ఆవిడ కొడుకు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆగి ఆగి చెప్పాడు. ముందురోజు భోజనం చేసి మిషన్ ముందు కూర్చుందట, మనవరాలి గౌనుకి అంచు మడుస్తూ మడుస్తూ అలాగే పక్కకి ఒరిగిపోయిందట. నేను కుర్చీలో కూలబడి బావురుమన్నాను. పక్క టీచర్లు కంగారుపడి నీళ్ళిచ్చారు. ఆ నీళ్ళు తాగుతూనే ఫక్కున నవ్వాను. వాళ్ళు ఇంకా కంగారుపడ్డారు. ఏం చెయ్యను, ఆవిడ మొట్టమొదట నాకు చేసిపెట్టిన ఘనకార్యం గుర్తొచ్చింది!

చెబుతాను, చెబుతాను. ఆవిడ ఊసెత్తితే నాకు మాటలు ఒకదాన్నొకటి తోసుకుని వస్తాయి. కాస్త ఓపిక పట్టండి.

దోహాలో అల్ మన్సూరాలో మా ఇల్లు. మూడో అంతస్తులో రెండే ఫ్లాట్లు, ఎదురెదురు గుమ్మాలు. ఒకటి మాది, రెండోది ఆవిడది. అరవై దాటిన చైనా మనిషి, నా భుజం దాకా కూడా రాదు. మెడలో టేపు, చొక్కా చేతికి నాలుగు గుండుసూదులు. భర్త ఇక్కడే కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పనిచేస్తూ కాలం చేశాడు. ఆవిడ మాత్రం రెండు వీధుల అవతల చిన్న ఆల్టరేషన్ షాపు పెట్టుకుని ఉండిపోయింది. ఆవిడ భాష పావు అరబ్బీ, పావు హిందీ, మిగతా సగం చేతులు. నన్ను 'సదీక్' అనేది, అంటే స్నేహితుడా అని. ఆడా మగా తేడా లేదు, దోహాలో అందరూ అందర్నీ అలాగే పిలుస్తారు.

చీర మీదికి జాకెట్టు కుట్టడం ఆవిడకి రాదు. ఆ ముక్క నాకు చెప్పొద్దూ! ఆది జాకెట్టూ కొత్త గుడ్డా ఇచ్చి, నాలుగు రోజుల్లో కావాలన్నాను. "మాఫీ ముష్కిల్!" అంది, ఏం ఇబ్బంది లేదని. మూడో రోజు వెళ్ళి చూద్దును కదా, నా ఆది జాకెట్టు ముక్కలు ముక్కలై బల్ల నిండా పరిచి ఉంది. లోపల ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ప్రతి కుట్టూ విప్పేసింది తల్లి! నా ఒంటికి సరిగ్గా కుదిరే జాకెట్టు అదొక్కటే. నేను లబోదిబోమంటుంటే, ఆవిడ తాపీగా పళ్ళతో దారం తెంపి, "సదీక్, కుట్టు తప్పితే విప్పు. కప్డా గుస్సా నై" అంది. గుడ్డకి కోపం రాదట! మర్నాడు రెండు జాకెట్లూ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. తొడుక్కుని చూసుకున్నాను. అబ్బ! పుట్టి బుద్ధెరిగాక అంత బాగా కుదిరిన జాకెట్టు లేదు. ఇంకేముంది, చుట్టుపక్కల తెలుగువాళ్ళం అందరం ఆవిడ షాపుకే. గుండీ అయినా గౌనైనా రెండు చేతులా ఇచ్చేది, తల కొంచెం వంచి. మనం తాంబూలం ఇచ్చినంత మర్యాద.

తర్వాత ఆ రోగం వచ్చింది. ఖతర్‌లోకి ఇంకా రాలేదు, టీవీలోకి వచ్చింది. అంతే, ఆవిడ షాపు ముందు జనం మాయం. ఊళ్ళోవాళ్ళ సంగతి ఎందుకులెండి, నా సంగతి చెబుతాను. కుట్టిన జాకెట్ల కవరుతో ఆవిడ మా తలుపు కొట్టింది. ఎప్పటిలాగే రెండు చేతులూ చాచింది. నేను వెనక్కి గెంతి, "నీచే, నీచే" అని నేల చూపించాను. పెట్టింది. నేను చీపురు తెచ్చి, దాని కర్రతో ఆ కవరుని బాల్కనీ దాకా తోసుకుంటూ పోయాను, ఎండలో పడేద్దామని. వెనక్కి తిరిగితే తలుపు ఇంకా తెరిచే ఉంది, ఆవిడ అక్కడే నిలబడి చూస్తోంది. పిల్లలకి సైన్సు చెప్పే మనిషిని నేను! ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

నెల తిరక్కుండా షాపులు మూశారు, స్కూలు కంప్యూటర్లోకి వెళ్ళింది, విమానాలు ఆగిపోయాయి. తణుకు నుంచి విజిట్ వీసా మీద వచ్చిన మా అత్తగారు ఇక్కడే చిక్కుకుపోయారు. ఇంతలో ఉగాది.

"అమ్మాయ్, పండగపూట ఆ ఎదురు గుమ్మం బోసిగా ఉందేవిటే?" అన్నారు పొద్దున్నే.

"అది చైనా ఆవిడది, అత్తయ్యా."

"అయితే ఏవిటంట? ఆవిడకి మాత్రం ఏడాది మారదా?"

బియ్యప్పిండి పళ్ళెంలో పోసుకుని వెళ్ళి రెండు గుమ్మాల ముందూ ముగ్గేశారు. మా ముగ్గు కంటే ఆవిడదే పెద్దది. చివర్లలో అడ్డగీతలు కూడా లాగారు, గీతల్లేని ముగ్గు అత్తగారి దృష్టిలో ముగ్గే కాదు. ఇంట్లో పసుపు కుంకుమలు నిండుకున్నాయని తెల్లగానే వదిలేశారు. కారిడార్ తుడిచేవాళ్ళు రావడం మానేశారు కాబట్టి అది చెరగలేదు. ఏ కాస్త పలచబడినా అత్తగారు పొద్దున్నే వెళ్ళి మళ్ళీ దిద్దేవారు. నాకైతే ఎంత ముచ్చటగా ఉండేదో! నేను చేసిన పాపాన్ని అత్తగారు పిండితో కడుగుతున్నారనుకున్నాను.

పదో రోజున మా వాచ్‌మన్ అన్న పైకొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటినవాడు.

"మేడం, టైలరమ్మ చెత్త బయట పెడ్తలేదు. పది దినాలాయె. లైట్ ఎలుగుతది, మనిషైతే అవుపడ్తలేదు. నాకు బుగులైతాంది."

అత్తగారిని కూడా పిలిచాను. ముగ్గురం వెళ్ళి తలుపు కొట్టాం. లోపల అడుగులు నెమ్మదిగా తలుపు దాకా వచ్చి ఆగాయి.

"నై ఆనా, సదీక్! లైన్ హై! మై అందర్, బాహర్ నై!"

రావద్దట. గీత ఉందట. తను లోపలే ఉండాలట. ఏం గీత? ముగ్గురం ఒక్కసారే కిందికి చూశాం. గుమ్మానికి అడ్డంగా, పొద్దున్నే దిద్దిన తెల్లటి గీతలు.

ఒక్కొక్క ముక్కా కూడదీసుకుంటే అర్థమైంది. రోగం ఉన్న ఇళ్ళకి సీళ్ళు వెయ్యడం, తెల్లటి మందు చల్లడం, ఆవిడ ఫోన్ నిండా ఆ వీడియోలే. ఉగాది పొద్దున తలుపు తీస్తే కాళ్ళ ముందు తెల్లటి పొడి! ఓహో, బిల్డింగ్‌వాళ్ళు తనని మూసేశారనుకుంది. రోజూ తలుపు కన్నంలోంచి చూస్తే ఓ పెద్దావిడ వచ్చి, వంగి, గీత గట్టి చేసి వెళుతోంది. ఇంక అనుమానమే లేదు. పది రోజులు గీత దాటలేదు! నూడుల్స్ అయిపోయి రెండు రోజులుగా వేణ్ణీళ్ళు తాగుతోంది. పక్కనే నేనున్నాను, ఫోన్ చెయ్యలేదు. ఎలా చేస్తుంది? తన చేతుల్లో నిజంగానే ఏదో ఉందేమో, అందుకే చీపురుతో తోశానేమో అనుకుందట.

"ఓరి నాయనో! నా ముగ్గు మనిషిని చంపేసేది కదే!" అని అత్తగారు కింద కూలబడి, పమిట చెంగుతో ఆ గీతలన్నీ తుడిచేశారు. "తలుపు తియ్యి తల్లీ, ఇదంతా ఉత్త పిండే!"

తలుపు తెరుచుకుంది. మనిషి సగమైపోయింది. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. చూపించమంటే చూపించింది. సబ్బుతో కడిగి కడిగి తోలు లేచిపోయి ఉన్నాయి. నా వైపు తిరిగి, కోపం లేకుండా, కర్రతో ఏదో తోస్తున్నట్టు చేసి చూపించి, "మేరా హాథ్ ఖరాబ్" అంది, తన చెయ్యి చెడ్డదని. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దండం పెట్టి అక్కడే ఏడ్చేశాను.

అప్పుడు మా అత్తగారు ఏం చేశారో వినండి! గబగబా ఇంట్లోకెళ్ళి, చంక దగ్గర పిగిలిన తన జాకెట్టు తెచ్చి ఆవిడ ముందు చాచిపట్టారు. "ఏడుపులు తర్వాత. ముందు అన్నం తిను. తిన్నాక ఇది కుట్టిపెట్టు, నాకు నూలుది ఇదొక్కటే." అంతా తెలుగే! టైలరమ్మ ఆ చిరుగు వైపు చూసింది. చూసి ఊరుకోగలదా? చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

ఆ తర్వాత మా కారిడార్ వైభవం చూడాలి మీరు! ఆవిడ మిషన్ ఆ గుమ్మంలో, అత్తగారి కుర్చీ ఈ గుమ్మంలో, మధ్య రెండు బారల దూరం. పాత నూలు చీరలు నేను కత్తిరించేదాన్ని, అత్తగారు మడిచేవారు, ఆవిడ మిషన్ తొక్కేది. మాస్కులు, మాస్కులు, గుట్టలకొద్దీ మాస్కులు! "యల్లా, యల్లా!" అని, తొందరగా కానివ్వమని, అత్తగారు కూడా అరవడం నేర్చారు. వాచ్‌మన్ అన్న వాటిని లేబర్ క్యాంప్‌లో తన ఊరివాళ్ళకి పంపేవాడు.

"మా ఇంటిది ఫోన్ల ఏమంటదో ఎరుకేనా మేడం? దుబాయ్‌ల రోగమున్నదట, ఇప్పుడే రాకు అంటది. టైలరమ్మకు గూడ వాళ్ల ఊరోళ్లు గట్లనే అన్నరట. ఇగ మా ఇద్దరికి గీ బిల్డింగే ఊరు" అని పకపకా నవ్వాడు. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే మరి! టైలరమ్మకి నేను చెబితే ఆవిడా నవ్వింది. ఇక్కడివాళ్ళేమో అక్కడిదానివి దూరం జరగమంటారు, అక్కడివాళ్ళేమో బయట ఉన్నదానివి రావద్దంటారు. మనిషికి నిద్ర పడుతుందా మరి? ఆవిడకి పట్టేది కాదు. తెలిసిన డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. మందులతో, మాటలతో, కొన్ని నెలలకి తేరుకుంది. నేను ఎన్నిసార్లు సారీ చెప్పినా "ఖలాస్, సదీక్" అని కొట్టిపారేసేది.

కానీ ఒకటి మాత్రం బాగుపడలేదు. షాపు తెరిచింది, బేరాలు మళ్ళీ వచ్చాయి, అయినా కుట్టిన బట్టని ఎవరి చేతికీ ఇవ్వదు. బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తుంది. పిల్లలు దగ్గరికొస్తే చేతులు జేబుల్లోకి పోతాయి. ఇంతలో చైనాలో మనవరాలు పుట్టింది. ఫోన్‌లో రోజూ చూసుకుంటుంది, గౌన్లు కుట్టి పంపిస్తుంది. దారులు తెరుచుకుంటున్నాయి, టికెట్ తీసుకోండి అంటే మాత్రం, "పాప చిన్నది. బాద్ మే" అని, తర్వాత చూద్దామని, తన చేతుల వైపు చూసుకుంటుంది. కొడుకు బతిమాలాడు, నేను కసిరాను. లాభం లేదు. ఈవిడ ఎత్తుకోకుండానే ఆ పిల్ల పెద్దదైపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

చివరికి వెళ్ళిందనుకోండి. వెళ్ళి, మనవరాలితో ఉండి, దాన్ని నడిపించి, బడికి కూడా పంపింది. నిన్న తణుకు ఫోన్ చేసి ఆవిడ పోయిన సంగతి అత్తగారికి చెప్పాను. "ఆవిడ కుట్టిన చంక ఇప్పటికీ పిగల్లేదే" అన్నారు. అత్తగారికి తెలియంది ఒకటుంది, టైలరమ్మ చేత టికెట్ కొనిపించింది ఎవరో. నాకూ ఆ మనిషి పేరు తెలియదు.

ఫుట్‌బాల్ ప్రపంచకప్ దోహాలో జరిగిన ఏడాది అది. మొరాకో పెద్ద జట్టుని ఓడించిన సాయంత్రం, అబ్బబ్బ, ఊరు ఊరంతా పూనకం వచ్చినట్టు ఊగిపోయింది! టైలరమ్మ రానంటే రానంది. నేను వినలేదు, జబ్బ పట్టుకుని మెట్రో ఎక్కించి సూక్ వాకిఫ్ పాత బజారుకి లాక్కెళ్ళాను. ఇసకేస్తే రాలని జనం. డోళ్ళు, ఎర్రజెండాలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కావలించుకోవడాలు. నేనూ గొంతు పోయేలా అరిచాను, మొరాకో ఎక్కడుందో మ్యాప్‌లో చూపించలేను గానీ!

మా పక్కన ఓ మొరాకో అమ్మాయి, చంకలో ఎనిమిది నెలల బిడ్డ. భుజాన కప్పుకున్న జెండా జారి కాళ్ళకి చుట్టుకుంది. అటూ ఇటూ చూసింది. ఇంతమందిలో తెల్లజుట్టు టైలరమ్మ కనిపించింది. అడగలేదు, ఆలోచించలేదు. "దఖీఖా, ఖాల్తీ!" అని బిడ్డని ఆవిడ మీదికి అందించేసింది. ఒక్క నిమిషం పట్టుకో పిన్నీ, అని.

టైలరమ్మ చేతులు జేబుల్లోంచి ఎప్పుడు వచ్చాయో నేను చూడలేదు. బిడ్డ ఆవిడ ముక్కు పట్టుకుని పీకుతోంది. ఆవిడ కొయ్యబారిపోయింది. కళ్ళు ఆర్పడం లేదు. తర్వాత మెల్లగా, గుడ్డ నాణ్యం చూసినట్టు, ఆ బిడ్డ వీపు మీద అరచెయ్యి ఆనించింది. బిడ్డ ఆ భుజం మీద తల వాల్చేసింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పక్కనెవరో డోలు మోగిస్తున్నారు కాబట్టి సరిపోయింది, ఎవరికీ వినపడలేదు.

ఆ అమ్మాయి జెండా సర్దుకుని నవ్వుతూ చేతులు చాచింది. టైలరమ్మ బిడ్డని ఇవ్వలేదు. ఇంకాస్త హత్తుకుని, ఒక అడుగు పక్కకి జరిగి, "దఖీఖా" అంది. "దఖీఖా, దఖీఖా."