షామ్‌రాక్ పప్పు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, సిగ్గు పాతది. ఇప్పుడు ఉద్యోగమూ పాతబడింది. ఆదివారం పొద్దున్నే ఊరేగింపు వెంట నడవాలంటే కాళ్ళకంటే ముందు మనసు కూర్చుండిపోతుంది. సముద్రం దాటి మేమొచ్చిపడ్డ ఈ జార్జ్ టౌన్‌లో ఊరేగింపులకు కొదవ లేదు. వాటిలో ఎవరికీ పెద్దగా పట్టని ఐరిష్ వాళ్ళ ఊరేగింపును నడిపించే పని మా ఆఫీసుకు దక్కింది. ఒకప్పుడు ఇక్కడికి పాఠాలు చెప్పడానికి వచ్చి ఉండిపోయిన ఐరిష్ వాళ్ళ గుర్తుగా మార్చిలో గుప్పెడు మంది పచ్చబట్టలు వేసుకుని సముద్రపు గట్టు దాకా నడుస్తారు (ముందు బ్యాగ్‌పైపు ఊదేది మాత్రం పంజాబీ బ్యాండు). వాళ్ళకో ఆచారం ఉంది. ఉన్నవాళ్ళలో పెద్దాయన షామ్‌రాక్ అనే మూడాకుల మొక్క నుంచి రెమ్మ తుంచి, ముందు నడిచేవాళ్ళ కాలరుకు గుచ్చాలి. అది గుచ్చితేగానీ డోలు మోగదు.

మాట్లాడే పనులు నా వల్ల కావని తెలిసి మా మేనేజరమ్మ (చాటుగా మేమంతా 'గడియారం' అనేవాళ్ళం) నాకు నోరు విప్పక్కర్లేని పని ఇచ్చింది. ఆ పెద్దాయన ఏసీ గదిలో పసిబిడ్డలా పెంచిన మొక్కను కుండీతో సహా శనివారం తెచ్చుకుని, ఆదివారం అందించడం. ఇదీ చేతకాకపోతే సోమవారం రానక్కర్లేదంది. నేనుండేది పిన్ని ఇంట్లో. కుండీని వంటింటి కిటికీలో పెట్టాను. అదేమిటో పిన్నికి చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి కదా.

ఆదివారం పొద్దున చూస్తే కుండీలో మట్టి ఉంది, నాలుగు పుల్లలున్నాయి. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

"పిన్నీ, ఇందులో ఆకేదీ?"

"పులిచింతాకే గదే, పప్పులో ఏసినాను," అంది పిన్ని గరిట తిప్పుతూ. "సూడ్డానికే సోకు. పులుపేటీ లేదు లా," అంది, ఇక్కడివాళ్ళ మాదిరి మాట చివర 'లా' తగిలించి. "చింతపండు పిసికినాను."

నేను నేలమీద కూలబడి, ఏడుపు మధ్యలో సంగతంతా చెప్పాను (ఆ ఇంట్లో నేను అంతసేపు మాట్లాడడం అదే మొదలు). పిన్ని పొయ్యి ఆపి, "దీనికేనేటే? కాలవ పక్కన బోల్డుంది, లే," అని నైటీ మీద తువ్వాలు కప్పుకుని కిందికి దిగింది. మా ఫ్లాట్ల వెనక ఇద్దరం పులిచింత మొక్కలు వేళ్ళతో సహా పెకిలించి కుండీలో నాటాం. గుట్టు బయటపెట్టే పసుపు పూలన్నీ పిన్నే గిల్లేసింది.

ఊరేగింపు మొదలయ్యే చోట పెద్దాయన కుండీని చూశాడు, నన్ను చూశాడు, ఆకొకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. (కాలవ తలుచుకుని నేను కళ్ళు మూసుకున్నాను.) పక్కనే మా 'గడియారం' నిలబడి చూస్తోంది. నా సోమవారం ఆయన నాలుక మీద ఉంది. పులుపుకి మొహం ముడిచి, చిన్నప్పుడు బడి నుంచి వస్తూ దారిలో ఇలాంటి పుల్లాకే నమిలేవాళ్ళమనీ, అసలు షామ్‌రాక్ అదేనని తమ ఊరి ముసలివాళ్ళు కొందరు వాదించేవారనీ నెమ్మదిగా చెప్పాడు. రెమ్మ గుచ్చాడు. తర్వాత నావైపు వంగి, తానిచ్చిన మొక్క ఏమైందని అడిగాడు.

"పప్పులో ఉంది," అన్నాను.

ఆయన నవ్వు డోలు చప్పుడులో కలిసిపోయింది.

ఇప్పుడాయన లేడు. ఏసీ గదిలో మొక్క పెంచే ఓపిక ఎవరికీ లేదు. కరపత్రంలో ఊరేగింపు చరిత్ర రాసే పని నాకే అంటగట్టారు. రెమ్మను ఇక్కడి నేల నుంచే తేవడం ఆనవాయితీ అని ఏటా రాస్తున్నాను. ఏటా మార్చిలో నిద్రమొహంతో కాలవ పక్కన వంగుతున్నాను. పై నుంచి పిన్ని, పప్పుకీ ఓ గుప్పెడు తెమ్మని కేకేస్తుంది. కొన్ని ఆకుల కోసం నేలమీద కూర్చుని అంతలా ఏడవడానికి అప్పటి ఆ పిల్లకి ఓపిక ఎక్కడినుంచి వచ్చిందో అనుకుని, నవ్వుకుంటూ పూలు గిల్లుతాను.