తీతువు పిల్లలను దించిన రోజు

సూరత్ బమ్రోలిలో మా గది సాంచల కార్ఖానా డాబా మీద ఉండేది. కిందంతా మరమగ్గాలు. సిరిసిల్లలోనూ సూరత్‌లోనూ మావాళ్లు వాటిని సాంచలనే అంటారు. కార్ఖానాకు కాపలా ఉన్నట్టుంటుందని సేఠ్ ఆ గదికి కిరాయి అడగలేదు.

కిరాయి లేకపోయినా దానికి ఇంకో తిరకాసు ఉంది. మెట్లు సాంచల నడుమ దిగుతాయి. అక్కడ వేడికి తాళలేక మగవాళ్లు చెడ్డీలు, బనియన్ల మీద పనిచేస్తుంటారు. కాపురానికి వచ్చిన రోజే మా ఆయన చెప్పాడు, సాంచలు నడుస్తున్నప్పుడు ఆడమనిషి వాటి నడుమ నుంచి పోవద్దని. అవి ఆగేది ఆదివారం పగలు. నేను కిందికి దిగేదీ అప్పుడే. కూరగాయలు ఆయనే తెచ్చేవాడు, నేను కూలికి మెరుపు రాళ్లు అంటించాల్సిన చీరల మూట కూడా ఆయనే మోసుకొచ్చేవాడు. అట్లా మూడేళ్లు గడిచాయి. సూరత్ చూశావా అని ఊళ్లో ఎవరైనా అడిగితే, పైనుంచి చూశానని చెప్పేదాన్ని.

ఇక నాకు మిగిలింది డాబా ఒక్కటే. సాయంత్రం కాగానే ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేదాన్ని. ఆ ఏడు ఎండాకాలంలో అదీ పోయింది. గది తలుపుకు పదడుగుల దూరంలో, మరమ్మతుకని పోసి వదిలేసిన కంకర మీద తీతువు నాలుగు గుడ్లు పెట్టింది.

తీతువు నీళ్ల ఒడ్డున, బీళ్లలో తిరిగే పిట్ట. పొడుగాటి పసుపు కాళ్లు, కంటి ముందు ఎర్రటి తోలు. అది ఇంటి మీద అరిస్తే చావు కబురు వస్తుందని మావాళ్ల నమ్మకం. మా అత్త మొదటి కూతకే మంచం పట్టినంత పని చేసింది. ఇంట్లో అందరికన్నా పెద్దది తనే కాబట్టి ఆ పిలుపు తనకేనని తేల్చుకుంది. పొద్దున లేస్తే ఆ గుడ్లు తీసి కింద పారేయమని ఒకటే పోరు.

సేఠ్‌ది ఇంకో నమ్మకం. గుజరాతీ వాళ్లకు ఇదే పిట్ట టిటోడి. అది ఎత్తయిన చోట గుడ్లు పెడితే వానలు దండిగా పడతాయట. నాలుగు గుడ్లంటే నాలుగు నెలల వాన. ఆయన చెప్పులు విప్పి డాబా ఎక్కి, దూరం నుంచే దండం పెట్టి, ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాడు. పోతూ పోతూ నావైపు చూసి, "ఏక్ భీ అండా గయా, తో కమరా ఖాలీ" అన్నాడు. ఒక్క గుడ్డు పోయినా గది ఖాళీ చేయాలన్నమాట.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నడుమ నేను.

ఆ పిట్ట కూడా నన్నేమీ చుట్టంలా చూడలేదు. ఒకటి గుడ్ల మీద కూర్చుంటే రెండోది కాపలా. తలుపు తీస్తే చాలు, నెత్తి మీదికి దూకేది. బాత్రూం డాబాకు అవతలి మూలన ఉంది. నేను ప్లాస్టిక్ టబ్ బోర్లించుకుని, అత్త నెత్తిన చాట పెట్టుకుని పరుగెత్తేవాళ్లం. బట్టలు కూడా గదిలోనే ఆరేసుకున్నాం. రేకుల కింద, తలుపు మూసుకుని, రాళ్ల జిగురు వాసనలో, సాంచల చప్పుడుకు నేల అదురుతుంటే నాకు ఊపిరాడేది కాదు. ఒకరోజు ఆ గుడ్లను నేనే కాలితో తన్నేద్దామని లేచాను.

తలుపు తీయబోతూ కిటికీలోంచి చూశాను. మిట్టమధ్యాహ్నం. ఒక పిట్ట ఎగిరిపోయి, కింద ఖాళీ ప్లాటులో నిలిచిన నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చింది. ఆ తడి పొట్టతోనే కాలిపోతున్న గుడ్ల మీద కూర్చుంది. తర్వాత రెండోది పోయింది. పూటంతా అదే పని. నా కోపం పోయిందని అనను గానీ తన్నడం మాత్రం చేతకాలేదు. మర్నాటి నుంచి ఒక పళ్లెంలో నీళ్లు పోసి కర్రతో కంకర దాకా తోసేదాన్ని. చావుకు నీళ్లు పోసి పెంచుతున్నానని అత్త తిట్టింది.

నెల తిరగకముందే ఒక బుధవారం మూడు పిల్లలయ్యాయి. నాలుగో గుడ్డు మురిగిపోయింది. పిల్లలు ఆ పూటే లేచి నడిచాయి. చిక్కు అక్కడే వచ్చింది. తీతువు పిల్లల నోటికి తెచ్చి పెట్టదు, కోడిపిల్లల్లాగా అవే ఏరుకుని తినాలి. డాబా మీద ఏరుకోవడానికి ఏముంది? తల్లీ తండ్రీ ప్లాటులోకి దిగి రమ్మని అరుస్తున్నాయి. పిల్లలు డాబా చుట్టూ ఉన్న నడుమెత్తు గోడ దాటలేక, దాని వెంట ఆ మూల నుంచి ఈ మూలకు పరుగెడుతున్నాయి.

సేఠ్ పెళ్లికని ఊరికి పోయాడు. మా ఆయన ఫోన్ చేస్తే, చేయి పెట్టొద్దు, తల్లే దించుకుంటుంది అన్నాడట. మా ఆయనకు ఆ మాట చాలు. "సేఠ్ జెప్పిండు గద. గంతగనం ఉంటే ఐతారం జూద్దాం" అని పనిలోకి దిగిపోయాడు. గురువారం మధ్యాహ్నానికి ఒక పిల్ల గోడ మూలన ఎండకు చచ్చిపడి ఉంది.

ఆదివారానికి ఇంకా మూడు రోజులు. మిగిలిన రెండూ అప్పటిదాకా బతకవని నాకు తెలుసు.

దారపు కోన్లు వచ్చే అట్టపెట్టె ఒకటి తీసుకుని బయటికి వచ్చాను. పిల్లలు నన్ను చూసి కంకరలో కదలకుండా నక్కాయి. కొంగుతో పట్టి పెట్టెలో వేశాను. చేతికి బరువే తెలియలేదు. అత్త వచ్చి మెట్ల దగ్గర అడ్డం నిలబడింది.

"సాంచలు నడుస్తున్నయే. మొగోళ్లంత జూస్తరు. నా కొడుకు జూస్తే ఏమైతదో ఎరికేనా?"

"జర జరుగు అత్తా. చూస్తే చూడనీ."

తల దించుకుని మెట్లు దిగాను. చెవులు చిల్లులు పడే చప్పుడు. సాంచల నడుమ సందు ఒక్క మనిషి పట్టేంత. నేల మీది దారం ముక్కలు తప్ప నేనేమీ చూడలేదు. ఇప్పుడు ఎవరో అరుస్తారు, ఇప్పుడు ఆయన వచ్చి రెక్క పట్టుకుంటాడు అనుకుంటూనే వాకిలి దాటాను.

ప్లాటులో నీళ్ల పక్కన పెట్టె వంచాను. పిల్లలు గడ్డిలోకి ఉరికాయి. పిట్టలు రెండూ నా మీద పడి గేటు దాకా తరిమాయి. మేలు చేసినందుకు మంచి మర్యాదే.

తిరిగి వచ్చేటప్పుడు ఎందుకో తల ఎత్తాను. సాంచలు నడుస్తుండగా ఆ హాలును చూడడం అదే మొదలు. ఒక్కొక్కరు ఎనిమిదేసి సాంచలు చూసుకుంటున్నారు. అందరి కళ్లూ దారాల మీదే ఉన్నాయి. ఒక్కరూ నావైపు తిరగలేదు. చివరి వరుసలో మా ఆయన తెగిన పోగు ముడేస్తున్నాడు. నా భుజం ఆయన మోచేతికి తగిలింది. ఎవరో పనివాడు అనుకున్నాడేమో, చేయి కాస్త జరిపి దారి ఇచ్చాడు. ముఖం తిప్పలేదు.

మూడేళ్లు ఎవరి చూపులకు భయపడి పైన కూర్చున్నానో, వాళ్లకు చూసే తీరికే లేదు.

పైన అత్త తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవలన్న జూసిండ్రా?"

"ఎవలు జూడలే అత్తా."

బతికించినావు తల్లీ అని ఆమె గుండె మీద చేయి వేసుకుంది. నేను లోపలికి పోయి, చీరల మూట మీద తల పెట్టుకుని ఏడ్చాను.