పెట్టెకు మొక్కిన మొక్కు

పింటూకు మూడేళ్లు నిండినా పుట్టువెంట్రుకలు తీయలేదు. జుట్టు కళ్లలో పడి, పాలగ్లాసు కోసం చాచిన చేతికి పిల్లి తోక చిక్కుతోంది. కారణం వాడి అమ్మమ్మ కొమురమ్మ. లాల్‌దర్వాజాలో ఇంటింటికీ పాలు పోసే మనిషి. కూతురు గీతాంజలికి రైల్లోనే నొప్పులొచ్చిన పూట పెట్టె తలుపు కడ్డీ పట్టుకొని, "రైలుపెట్టె తల్లీ, బిడ్డ సల్లంగ బయటపడితే నీకు కొబ్బరికాయ కొడత. అప్పటిదాంక వాని వెంట్రుకలకు కత్తెర పెట్టం" అని మొక్కింది. ఉప్పుగూడ రాకముందే పింటూ కేరుమన్నాడు.

మొక్కు తీర్చబోతే ఆ పెట్టే లేదు. పాత పెట్టెలను విప్పి, వాటి భాగాలు కలిపి కొత్త డీజిల్ బండి కట్టారట. పక్కింటి జోయెల్ రైలుపెట్టెలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాడు. ఆదివారం చర్చి కాగానే ముగ్గురినీ ఉప్పుగూడ స్టేషనుకు తీసుకెళ్లాడు. బండి ఆగి ఉంది.

"గీ పెట్టెలల్ల నాదేది, జోయెల్?"

"తలుపు గిదే అనుకుంట పెద్దమ్మా. సీట్లు ఎన్క పెట్టెలకు పోయినయ్. చక్రాలు ఇంకోదాని కింద ఉన్నయ్."

"మరి నేను దేనికి మొక్కిన? తలుపుకా, సీటుకా?"

"నన్నడిగితే? గిది మా పాస్టర్‌కు గూడ తెల్వదు."

"బండి మొత్తానికి కొట్టరాదే, లొల్లి వోతది!" అంది గీతాంజలి.

కొమురమ్మకు అదే బాగనిపించింది. కొత్త లారీకి చేసినట్టే, బండి ముఖానికి పసుపు కుంకుమలు పెట్టి, ప్లాట్‌ఫారం రాతిమీద కాయ కొట్టింది. కాయ రెండు చిప్పలుగా విచ్చుకుంది. దండం పెట్టుకుంటుండగా హారన్ ఆ చివర మోగింది. పసుపు ముఖం ఆమెనే చూస్తూ వెనక్కి వెళ్లిపోయింది.

"ఏందిరా, ఎన్కకు పోతున్నది?"

"ముందుకే పోతున్నది. నువ్వు తోకకు మొక్కినవ్."

"తోకనా! అద్దం, లైటు, అన్నీ ఉండె కద!"

"దీనికి రెండు దిక్కుల ముఖమే పెద్దమ్మా. మళ్లొచ్చేటప్పుడు గదే ముందుంటది."

"అంటే నా మొక్కు ముట్టినట్టా, ముట్టనట్టా?"

జోయెల్ పింటూను భుజానికెత్తుకొని ఇంటిదారి పట్టాడు.

దారిలో మంగలి ఎల్లప్ప దుకాణం. వాడు కత్తెర తీసి, "గుండేనా, అక్కా?" అన్నాడు. కొమురమ్మ సంచిలోని చిప్పల్ని తడిమి చూసుకుంది. ఎంతకీ తేలలేదు.

"ముందటిది తియ్యి. ఎన్కది ఉండనియ్. బండి మళ్లొచ్చినంక సూద్దం."

కళ్లమీది జుట్టు రాలిపోగానే పింటూ అద్దంలోకి తేరిపార చూశాడు.

"అమ్మమ్మా, గీ పోరడెవడు?"