ఇత్తడినడగండి

విడవలూరు దగ్గర తీరంలో పడవల ఇంజన్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఏ ఆయిల్ మంచిదని అడిగినా "నన్నడగొద్దు సార్, ఇత్తడినడగండి" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

మా నాన్న ముచ్చటపడి కొన్న పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, గేరు మార్చినప్పుడల్లా గరగరమనేది. గేర్‌బాక్సులో ఏ ఆయిల్ పోయాలో నెల్లూరులో ముగ్గురు మెకానిక్కులు తడుముకోకుండా చెప్పారు. వాళ్లు చెప్పిన ఖరీదైన గేర్ ఆయిలే కొని, పాత ఇంజన్లు బాగా తెలిసినవాడని ఈయన దగ్గరికే పోయించుకుందామని వెళ్లాను.

ఆయన నా ఆయిల్ క్యాన్ మూత తీసి వాసన చూశాడు.

"ఈ గేర్లలో ఇత్తడి రింగులు ఉండాయి సార్. ఇది వాటికి పడతాదో లేదో నాకు తెలీదు."

ఒక డబ్బాలో నా ఆయిల్, ఇంకోదాంట్లో పడవకు వాడే మామూలు ఇంజన్ ఆయిల్ పోశాడు. రెండింట్లోనూ ఒక్కో ఇత్తడి నట్టు వేసి కుంపటి సెగకు పెట్టాడు. సాయంత్రం దాకా నేను విసుక్కుంటూ కూర్చున్నాను.

నా ఆయిల్‌లో వేసిన నట్టు నల్లబడింది. రెండోది మెరుస్తూనే ఉంది.

"మీకు ముందే తెలుసు కదా?" అన్నాను.

ఆయన నల్ల నట్టును లుంగీకి తుడిచి మళ్లీ చూశాడు.

"లేదు సార్. నేనూ మీదే మంచిదనుకున్నా."