అహేరి వైపే చూసిన పడవ

సిరొంచ రేవు దగ్గర ప్రాణహిత రెండు రోజులు ఎదురు పారింది. కాళేశ్వరం వైపు పోవలసిన నీళ్లు అహేరి వైపు మళ్లాయి. చేపలకు తల తిరిగింది. బర్రెలు ఏ ఒడ్డున దిగాయో ఆ ఒడ్డునే మరిచిపోయాయి. నదిని మళ్లీ దారిలో పెట్టింది, బస్టాండు పక్కన పంపుసెట్ల స్టార్టర్లు బాగుచేసే సారక్క.

సరే, బర్రెల సంగతి వదిలేద్దాం. నీళ్లు కూడా ఎప్పటిలాగే పారాయేమో. కానీ నది లోతు కొలిచే పడవలో ఒక తెర ఉంది. ఆ తెర మీద పడవ ముక్కు రెండు రోజులూ అహేరి వైపే చూపించింది, పడవేమో కాళేశ్వరం వైపు కొట్టుకుపోయింది. తెరను నమ్మేవాళ్లకు నది ఎదురు పారినట్టే.

ఆ ఫైబర్ పడవ గీత గీసినట్టు తిన్నగా పోతేనే లోతు లెక్క కుదురుతుంది. అందుకే దానికి ఆటోపైలట్ పెట్టారు. చేత్తో స్టీరింగ్ పట్టుకుంటే బాగానే పోతోంది. ఆటోపైలట్ బటన్ నొక్కగానే గానుగెద్దులా ఉన్నచోటే గిరగిర తిరుగుతోంది.

మూడో రోజు పొద్దున సారక్కను రేవుకు పిలిపించారు. పిలిపించినవాడు ఇంజనీరు కృష్ణకాంత్, చంద్రపూర్ మనిషి. పడవ డ్రైవరు సాంబన్న, సారక్క అక్క మొగుడు.

"తాయీ, యంత్రంలో తప్పు లేదు," అన్నాడు కృష్ణకాంత్, అక్కా అనే మాటను మరాఠీలోనే అంటూ. "నాగపూర్ చెరువులో సూటిగా పోయింది. ఇక్కడికి వచ్చాకే ఈ తిప్పలు. పడవ దానంతట అది నడిస్తే తన పని పోతుందని ఈయనే ఏదో చేశాడు. సాయంత్రంలోగా బాగుకాకపోతే రేపటి నుంచి వేరే డ్రైవర్ వస్తాడు."

"నేనేం చేస్తి సారు? బటన్ నొక్కినంక చేతులు కట్టుకొని కూసుంటున్న. మా అవ్వ మీద ఒట్టు," అన్నాడు సాంబన్న.

"మీ అవ్వ పోయి పదేండ్లాయె. ఆమెనెందుకు పరేషాన్ చేస్తవు బావా?" అంటూ సారక్క టెస్టర్ తీసింది.

అహేరిలో కరెంటు పని నేర్చుకున్న బ్యాచ్‌లో ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఇరవై ఏళ్లుగా ఆమె పద్ధతి ఒకటే. ముందు కరెంటు చూడాలి, తర్వాత వైరు, ఆ తర్వాతే డబ్బా మూత విప్పాలి. బ్యాటరీ చూసింది, పన్నెండున్నర వోల్టులు. వైర్లు ఒక్కొక్కటీ లాగి చూసింది, గట్టిగానే ఉన్నాయి. బటన్‌తో చుక్కాని కుడికి తిప్పితే కుడికి, ఎడమకు తిప్పితే ఎడమకు తిరిగింది. జీపీఎస్ పడవ ఉన్నచోటును సరిగ్గానే చూపించింది.

"చేతులు మంచిగున్నయి, కాళ్లు మంచిగున్నయి. మరి దీనికి దిక్కు ఎవరు చెప్తరు సారు?"

"కంపాస్ పెట్టె. అది కూడా మార్చాను తాయీ. కొత్తదీ అదే మాట చెబుతోంది. పడవను ఎటు తిప్పినా ముక్కు అహేరి వైపే అంటోంది."

"యాడున్నది ఆ పెట్టె?"

"ముందు గూట్లో."

సారక్క చేతిలో టెస్టర్ ఆగిపోయింది.

పడవ సిరొంచకు వచ్చిన రోజు, లోపల చేరే నీళ్లు తోడే పంపుకు వైరు బిగించింది ఆమే. ఇంజనీరు భోజనానికి పోయినప్పుడు సాంబన్న జానెడు ఇనుప మేకు తెచ్చాడు. తండ్రి నడిపిన కర్ర పడవకు గొలుసు వేసిన మేకు అది. పాత పడవ ఇనుము కొత్త పడవ ముందు భాగంలో ఉండాలని, లేకపోతే నది పడవను గుర్తుపట్టదని వాళ్లింట్లో పట్టింపు. ఫైబర్‌కు బెజ్జం పెట్టడానికి లేదు. సారక్క తెలివి వాడింది. గూటిలోని పలుచని అడ్డుపలకకు ఒకవైపు మేకు, రెండోవైపు పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం. రెండూ పలకను కరుచుకుని కూర్చున్నాయి. పక్కనే ఉన్న నల్ల పెట్టెను వైర్లు కలిపే డబ్బా అనుకుంది. అంత నాజూకు పని చేసినందుకు ఇంటికి పోయేదాకా తనలో తానే మురిసిపోయింది కూడా.

గూట్లోకి వంగి ఫోన్లో దిక్సూచి తెరిచింది. ముల్లు పిచ్చిపట్టినట్టు తిరిగింది. మేకు కనబడితే బావ పేరే వస్తుందని, దాన్ని మెల్లగా పీకి పనిముట్ల సంచిలో వేసుకుంది.

అయస్కాంతాన్ని కూడా సంచిలో వేస్తే పడవ బాగైపోతుంది. అయితే, ఈ రెండు రోజులూ సాంబన్నే పడవను అలా ఆడించాడని, పట్టుబడతానని భయపడి మానేశాడని కృష్ణకాంత్ అనుకుంటాడు. సారక్క అయస్కాంతాన్ని తీసుకుని బయటికి వచ్చింది.

"సారు, ఇది నాది. పంపు వైరు బిగించిననాడు పానాలు, స్క్రూలు జారకుండ పెట్టుకున్న. మర్చిపోయిన. బావకు తెల్వది."

సాంబన్న నోరు తెరిచాడు. సారక్క అతని కాలు తొక్కింది.

కృష్ణకాంత్ అయస్కాంతాన్ని లాక్కున్నాడు. "ఇరవై ఏళ్ల మెకానిక్! కంపాస్ పక్కన అయస్కాంతమా! ఇక మీ చేయి ఈ పడవ మీద పడనివ్వను తాయీ."

"పడనియ్యకుండ్రి. ముందుగాల పడవను మెల్లగ రెండు సుట్లు తిప్పున్రి. పెట్టె దిక్కులు మళ్ల నేర్సుకోవాలె గద."

సాంబన్న రెండు చుట్లు తిప్పి, బటన్ నొక్కి, రెండు చేతులూ పైకెత్తి కూర్చున్నాడు. పడవ కాళేశ్వరం వైపు సూటిగా పోయింది. తెర మీద ముక్కు కూడా అటే తిరిగింది. సాంబన్న ఉద్యోగం నిలిచింది.

మరుసటి వారం స్టార్టర్ తీసుకోవడానికి వచ్చిన ముత్తక్క అడిగింది. "గిదేందే సారక్కా, పడవల అయస్కాంతం మర్చిపోయినవట?"

"ఏ అయస్కాంతం?"

"రేవుల అందరు అంటున్నరు. మేకో గీకో సుత ఉండెనట. సాంబన్న..."

"మేకు లేదు, అయస్కాంతం లేదు. ఆ పడవ నేను ఎక్కనే లేదు. అది తెల్లగున్నదో నల్లగున్నదో సుత నాకు ఎరుకలేదు," అంది సారక్క తలెత్తకుండా. "మా బావను అడిగినా గదే చెప్తడు. ఇగో, నీ స్టార్టర్ అయ్యింది."