భరిణె మీద బొటనవేలి గుర్తు

పూజగదిలో మనవరాలు ఇత్తడి దీపాలు తోముతోంది. చింతపండు పులుపూ తడి ఇత్తడీ కలిసిన ఆ వాసన తగిలితే చాలు, హిందూపురంలో మా పక్కింటి వీరాచారి మామ కొట్టు కళ్ళముందుకొస్తుంది. ఇత్తడి, రాగి సామాన్లకు వెండిపూత వేయడం ఆయన పని. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగి, యుద్ధం రోజుల్లో కొత్త కోడలిగా ఆ ఊరు చేరిన నాకు ఆయనా, ఆయన భార్య లక్ష్మమ్మత్తా పుట్టింటివాళ్ళ లెక్క.

కొలిమీ సుత్తీ లేకుండా వెండి ఎలా అంటుకుంటుందో నాకు మొదట్లో అంతుపట్టేది కాదు. బ్యాటరీ జాడీల నుంచి వచ్చే రెండు తీగల్లో ఒకదానికి వెండిరేకు, ఇంకోదానికి చెంబు కట్టి మందునీళ్ళ తొట్టిలో వేలాడదీసేవాడు. రేకు మెల్లగా అరుగుతుంటే చెంబు మెల్లగా తెల్లబడేది. అయితే అసలు పని అంతకుముందే అయిపోతుందనేవాడు. తోమి కడిగిన సామానుకు మనిషి చెయ్యి తగలకూడదు. వేలిజిడ్డు ఉన్నచోట పూత నిలవదు, మెరుగు పెట్టేటప్పుడు పొరలా లేచిపోతుంది. పెనుకొండ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన కడిగిన పళ్ళెం ముట్టుకున్నాడని, ఆయన ఎదుటే దాన్ని మళ్ళీ మొదటి నుంచి తోమాడు. ఈ విషయంలో లక్ష్మమ్మత్తకు కూడా మినహాయింపు లేదు. ఆమె కొట్లోకి వస్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది, ఆయన్ని ఉడికించడానికి.

ఒక వేసవిలో ఆమెకు జ్వరం పట్టుకుని వదల్లేదు. మంచం దిగలేని స్థితికి వచ్చింది. ఆ రోజుల్లోనే మా అవ్వ ఇచ్చిన ఇత్తడి కుంకుమ భరిణెకు పూత వేయమని మామకిచ్చాను. ఆయన దాన్ని కడిగి తీగకు కట్టాడో లేదో, అత్త గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. ఎన్నాళ్ళకో లేచి తిరిగిందని మా ప్రాణం కుదుటపడింది. ఆ సంతోషంలో ఆమె కూడా అన్నీ మరిచి భరిణెను చేతిలోకి తీసుకుంది.

“మీ అవ్వదా పద్మా? ఎంత ముద్దుగా ఉండాదో” అంది.

మామ కేకేస్తాడనుకున్నాను. కానీ మళ్ళీ తోమితే ఆమె నొచ్చుకుంటుందని కాబోలు, భరిణెను అలాగే తొట్టిలోకి దించాడు. అది తెల్లబడేదాకా ఆమె అక్కడే కూర్చుని చూసింది. ఆ వారంలోనే పోయింది. పుణ్యస్త్రీగా పోయిందని అందరూ అన్నారు. నాకు ఆ మాట ఏమాత్రం ఊరటనివ్వలేదు.

కర్మలన్నీ అయ్యాక మామ భరిణెకు మెరుగు పెట్టాడు. బొటనవేలంత మేర వెండి లేచిపోయి ఇత్తడి బయటపడింది. మచ్చ ఉన్న సామాను ఆయన కొట్టు గడప దాటడం అదే మొదలు. నా చేతికిచ్చేటప్పుడు నా ముఖంలోకి చూడలేకపోయాడు. ఆ తర్వాత ఎప్పుడు మా ఇంటికొచ్చినా మంచినీళ్ళు అడిగి, భరిణె కూడా అడిగేవాడు. కాసేపు చూసి ఇచ్చేసేవాడు.

ఏడాది తిరిగాక ఒకరోజు దాన్ని వెంట తీసుకుపోతానన్నాడు. నేను ఇవ్వనన్నాను.

“ఇత్తడికి చిలుము పడ్తాండాది, సూడు. పక్కనుండే వెండిని కూడా లేపుతాది. ఇట్లే వదిలితే మీ అవ్వ భరిణె నీకు మిగల్దు.”

వెంట నేనూ వెళ్ళాను. తీగలు అటుది ఇటు, ఇటుది అటు మార్చి కట్టాడు. పాత పూత అంతా నీళ్ళలోకి దిగిపోయింది. ఆ తర్వాత ఆయన దాన్ని చింతపండుతో తోముతూ, సరిగ్గా ఆ గుర్తు ఉండిన చోట చెయ్యి ఆపి, పిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మళ్ళీ కొత్తగా పూత వేసి, మెరుగు పెట్టి ఇచ్చిన భరిణె మీద మచ్చన్నది లేదు.

“యాడుండిందో నీకు గుర్తుంటాదా?” అని అడిగాడు.

“ఉంటాది మామా.”

“నాకూ ఉంటాది. ఇంక సాలు.”

ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఇందాక మనవరాలు భరిణె తుడిచి ఇస్తూ, ఇంత పాతదైనా ఎక్కడా ఒక్క మచ్చ కూడా లేదవ్వా అని మెచ్చుకుంది. అవునన్నాను. మూత కింద, కుడిపక్కన, ఆ చోట నా బొటనవేలు ఆనించాను. అది ఎక్కడుందో ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.